మీ ప్లాట్ బఫర్ జోన్‌లో ఉందా? మ్యాప్‌లో గీత చూసి నమ్మే ముందు ఈ లెక్క తెలుసుకోండి..

హైదరాబాద్‌లో చెరువు పక్కన ప్లాట్ అంటే ఇప్పుడు ముందు అడిగేది గజం రేటు కాదు. ‘ఎఫ్‌టీఎల్‌లో ఉందా.. బఫర్‌లో ఉందా?’ అనే. 2024 జులైలో హైడ్రా ఏర్పాటైంది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్‌ను కూల్చేశారు. ఆ తర్వాత ఈ రెండు మాటలు ఇంటింటికీ తెలిసిపోయాయి. చెరువుల మ్యాపులు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయి. నీలం రంగు చెరువు.. చుట్టూ ఎర్ర గీత. అసలు ఆ గీత ఎలా పడుతోంది?

ముందు రూల్ చూద్దాం. చెరువు నిండి అలుగు పారే మట్టం వరకు నీళ్లు నిలిచే ప్రాంతమే ఎఫ్‌టీఎల్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లే. ఇందులో ఇళ్లు కట్టడానికి వీల్లేదు.

వెబ్ మ్యాప్ తయారు చేసేవాళ్లకు ఇది ఒక్క లైన్ కోడ్. చెరువు ఆకారం ఇచ్చి, ‘30 మీటర్ల బఫర్’ అంటే గీత వచ్చేస్తుంది. చిక్కంతా కొలతలోనే ఉంది. టర్ఫ్ అనే పాపులర్ లైబ్రరీలో యూనిట్ చెప్పకుండా 30 అని ఇస్తే 30 కిలోమీటర్లు అనుకుంటుంది! అంత పెద్ద తప్పు వెంటనే కనిపిస్తుంది లెండి. కనిపించని తప్పుతోనే ప్రమాదం.

ఫోన్లో చూసే మ్యాపుల్లో ఎక్కువ భాగం వెబ్ మెర్కేటర్ పద్ధతివి. గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఈ పద్ధతిలో భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ కొలతలు సాగిపోతాయి. హైదరాబాద్ దగ్గర ఈ సాగుడు దాదాపు 5 శాతం. ఆ మ్యాప్ మీదే 30 మీటర్లు కొలిస్తే నేల మీద వచ్చేది 28.6 మీటర్లే. అంటే నాలుగున్నర అడుగులు తక్కువ.

విస్తీర్ణంలో ఇంకా ఎక్కువ తేడా వస్తుంది.. దాదాపు 10 శాతం. నిజంగా 9.2 హెక్టార్లున్న కుంట ఈ లెక్కలో 10 హెక్టార్లు దాటేస్తుంది. అంతే.. 9 మీటర్ల బఫర్ కాస్తా 30 అవుతుంది. మధ్యలో 21 మీటర్లు, అంటే దాదాపు 69 అడుగులు. 30 బై 60 ప్లాట్ పొడవు మొత్తం అందులో మునిగిపోతుంది. భూమి వంపును లెక్కలోకి తీసుకునే ‘జియోడెసిక్’ పద్ధతి వాడితే ఈ తప్పు రాదు. కానీ మ్యాప్ చూసేవాళ్లకు ఏ పద్ధతి వాడారో తెలిసే దారి లేదు.

కోడ్ కరెక్టుగా ఉన్నా సరిపోదు. ఎఫ్‌టీఎల్ గీతే 10 మీటర్లు పక్కకు పడితే బఫర్ కూడా దాంతోపాటే జరుగుతుంది. ఎండాకాలం శాటిలైట్ ఫొటోలో నీళ్లున్నంత మేర గీసి చెరువు హద్దు అంటే, అలుగు మట్టం లెక్క పోయినట్టే. ఫోన్లో మనం నిల్చున్న చోటు చూపించే నీలి చుక్కకైతే, ఆరుబయట కూడా 5 మీటర్ల తేడా మామూలే.

అడ్వాన్స్ ఇచ్చే ముందు హెచ్‌ఎండీఏ లేక్స్ వెబ్‌సైట్‌లో ఆ చెరువు మ్యాప్ చూడాలి. నోటిఫికేషన్ ప్రిలిమినరీనా, ఫైనలా అన్నది కూడా గమనించాలి. ప్రిలిమినరీ అయితే అభ్యంతరాలు చెప్పుకునే అవకాశం ఉంటుంది, గీత మారొచ్చు కూడా. ప్లాట్ హద్దుకు దగ్గర్లో ఉంటే మాత్రం సర్వేయర్‌తో కొలిపించుకోవాల్సిందే.