కొబ్బరి సీమలో ‘కొబ్బరి’ చదవరాదు!

కోనసీమలోని అప్పనపల్లి. వైనతేయ ఒడ్డున బాలబాలాజీ గుడి. బయట ఒక దుకాణం, మీద ‘కొబ్బరికాయలు’ అని బోర్డు. అక్కడ ఆడుకుంటున్న మూడో తరగతి పిల్లవాణ్ని ‘ఏం రాసుంది తమ్ముడూ?’ అని అడిగాను. ‘క... బ... ర...’ అని ఆగిపోయాడు. వర్ణమాల మాత్రం ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు. కాయ లేతదో ముదురుదో చూసి చెప్పగల పిల్లవాడు దాని పేరు చదవలేకపోయాడు. తప్పు వాడిదా?

కాదు, నేర్పిన తీరుది. క, బ, ర వచ్చినంత మాత్రాన కొబ్బరి రాదు. ‘క్’కు ‘ఒ’ కలిస్తే ‘కొ’ అవుతుందని, ‘బ’ కింద ఒత్తు పడితే ధ్వని రెట్టిస్తుందని, ‘ర’కు గుడి పెడితే ‘రి’ అవుతుందని ముందు వాడి చెవికి తెలియాలి. ధ్వనుల్ని ఇలా కలపడం, విడదీయడం నేర్పడమే ఫోనిక్స్. కాన్వెంట్లు దీన్ని ఇంగ్లిష్ సరుకులా ఫీజులు గుంజి అమ్ముకుంటున్నాయి. నిజానికి ఇది తెలుగుకే బాగా అతుకుతుంది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు దాదాపు 44 ధ్వనుల్ని మోయాలి. మనది చాలావరకు పలికినట్టే రాత.

మన చిక్కల్లా గుర్తులు ఎక్కువ కావడమే. గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందల రూపాలు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు నాలుగో తరగతిలో కూడా అక్షరాలు నేర్చుకుంటూనే ఉంటారని సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అలాంటప్పుడు గుణింతాన్ని ఒకసారి పాటలా వల్లె వేయించి, ఇక పాఠాల మీద పడితే ఎట్లా?

ఫలితం కళ్లముందే ఉంది. 2022 అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం, తెలంగాణలో 5.2 శాతం! కరోనాకు బడులు మూతపడ్డ మాట నిజమే. కానీ 2018లోనూ ఈ లెక్కలు 22.6, 18.1 మాత్రమే. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అని రోడ్డెక్కినవాళ్లలో నేనూ ఒకణ్ని. 2014లో గీత గీసుకున్నాం. గీతకు రెండు పక్కలా చదువురాని పిల్లలే మిగిలితే నియామకాలు ఎవరికి?

2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు ఇంగ్లిష్ మీడియం జీవో ఇచ్చింది, 2020లో హైకోర్టు కొట్టేసింది. ఏ మీడియం అని కొట్లాడాం. ఏ మీడియమైనా చదవడం ఎట్లా నేర్పాలని ఎవరైనా అడిగామా? మూడో తరగతికల్లా చదవడం రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పెట్టింది, 2026-27 గడువు అంది. ఒకే టీచరు ఐదు తరగతులు మోసే బడిలో పిల్లవాడి పక్కన కూర్చుని ధ్వనులు పలికించేది ఎవరు?

ఉద్యోగ మిత్రులారా, మన పిల్లలకు ఫీజు కట్టి కొంటున్న చదువు సర్కారు బడి హక్కు కాదా? ఒకటి, రెండు తరగతులకు విడిగా టీచరు, ఆ టీచరుకు ధ్వనులు నేర్పే శిక్షణ, రోజూ ఒక గంట చదివించడం. అడగాల్సింది ఇవే. విద్యార్థి సోదరులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు వీధిలో ఒక పిల్లవాడి చేత ఒక బోర్డు చదివించండి. వాడు ఎక్కడ ఆగాడో, మన కొట్లాట అక్కడ మొదలుకావాలి.