కొన కిందికి ఉన్న త్రికోణం ఎవరి కోసం?



హల్దియాపదర్ దగ్గరా, అంబపువా దగ్గరా ఊరి రోడ్లు హైవేలో కలిసే చోట్ల హైవే మీదే స్పీడు బ్రేకర్లు వేయమని మన సంఘం పేరున ఒక పిటిషన్ తిరుగుతోంది. దాని మీద మా సంతకం లేదు. ఎందుకు లేదని చాలామంది అడిగారు. కొంచెం పొడుగైనా ఒకేసారి చెప్పేస్తాం, ఓపిగ్గా చదవండి.

హైవే అంటే మనం ఇప్పటికీ ఐదో నంబరు అని పిలిచే 16వ నంబరు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే లారీ దాని మీదే పోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. సర్వీసు రోడ్డులోంచి మన కుర్రవాడు స్కూటీ మీద, అద్దం కూడా చూడకుండా తల దూర్చి, చెయ్యి అడ్డం పెట్టి 'ఆగు' అంటే ఆ లోడు లారీ ఎలా ఆగుతుంది? డ్రైవరు బ్రేకు తొక్కినా బరువు ఊరుకోదు. అక్కడ తప్పు కలిసేవాడిది. ఈ మాట మన సంఘంలో చాలామందికి నచ్చదు, అయినా అంటాం.

కలిసే చోట పెట్టే బోర్డు తెల్లటి త్రికోణం, ఎర్ర అంచు, కొన కిందికి. 'దారి ఇవ్వు' అని దాని అర్థం. మలుపుందనో, బడి ఉందనో హెచ్చరించే త్రికోణాలన్నిటికీ కొన పైకి ఉంటుంది, దీనికి మాత్రం కిందికి. దాని దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించి, కుడివైపు చూసి, ఖాళీ ఉంటే ఆగకుండానే పోవచ్చు. ఖాళీ లేకపోతే ఆగాలి. ఎనిమిది మూలల 'స్టాప్' బోర్డు వేరు, అక్కడ ఖాళీ ఉన్నా ఆగాల్సిందే. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఇది ఉంది. మెయిన్ రోడ్డులోకి వచ్చేవాడు దాని మీద పోయేవాళ్ళకు దారి ఇవ్వాలి. మిగతా కూడళ్ళలో కుడివైపు నుంచి వచ్చేవాడికి ఇవ్వాలి. హారన్ గట్టిగా కొట్టినవాడికి ముందు అనీ, హెడ్‌లైటు ఆర్పి వెలిగించినవాడికి ముందు అనీ ఎక్కడా లేదు.

రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి మాకు ఇది కొత్త కాదు. రెండు లైన్లు కలిసే చోట మధ్యలో ఒక రాయి ఉంటుంది, ఫౌలింగ్ మార్క్ అంటారు. లూపు లైన్లో నిలబడిన బండి ఆ రాయి దాటి ముక్కు బయట పెట్టకూడదు. పెడితే మెయిన్ లైన్లో వచ్చే బండికి తగులుతుంది. గూడ్సు డ్రైవరు లూపులో గంటసేపైనా నిలబడతాడు, మెయిలు పోయాక బయల్దేరతాడు. దాన్ని అవమానం అనుకోడు. మన బైకువాడు నాలుగు సెకన్లు ఆగితే పరువు పోయిందనుకుంటాడు. మాకు చదువు తమిళంలో, మాట తెలుగులో, కాపురం ఒడిశాలో. ఆ తమిళ బడిలో నేర్పిన సామెత ఒకటుంది, 'పదరాద కారియం సిదరాదు' అని. తొందరపడని పని చెదరదు. మన 'నిదానమే ప్రధానం' లాంటిదే, కానీ ఇది వింటే చెదిరేదేమిటో కూడా కళ్ళకు కడుతుంది.

'అలా ఆగుతూ పోతే సాయంత్రం దాకా అక్కడే ఉండాలి' అంటారు. అక్కర్లేదు, హైవే మీద ఉన్నవాడు కూడా తన పని చేస్తే. కుడి వరస ఖాళీగా ఉంటే చూసుకుని అటు జరగాలి. జరగలేకపోతే ఉన్న వేగంతోనే పోవాలి. పక్కవాడు కలుస్తున్నాడని చూసి యాక్సిలరేటరు తొక్కి సందు మూసేవాళ్ళున్నారు. ఇచ్ఛాపురం పెళ్ళిళ్ళకు కార్లలో పోయే మన పెద్దమనుషులు కొందరు ఇందులో బాగా ఆరితేరారు. దాన్ని పంతం అంటారు గానీ డ్రైవింగ్ అనరు. టోల్ గేటు దాటాక చాలా వరసలు రెండు వరసలయ్యే చోట జడ అల్లినట్టు ఈ పాయ ఒకటి, ఆ పాయ ఒకటి పోతే అందరూ కదులుతారు.

జరిమానా సంగతి కూడా చెప్పాలి. 2019 సవరణ తర్వాత స్టాప్ బోర్డును లెక్కచేయకపోవడం, ఎదురుదిశలో నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద వస్తాయి. అలా నడిపి ప్రమాదం తెచ్చిపెడితే మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా, జైలు కూడా పడవచ్చు. దారి ఇవ్వనివాడి పేరు మాత్రం ఆ జాబితాలో విడిగా లేదు. అందుకే ఆ త్రికోణమంటే ఎవరికీ భయం లేదని మా అనుమానం.

'అసలు బోర్డే కనబడదు కదా' అన్నవాళ్ళతో మాకు పేచీ లేదు. పుట్టినరోజు ఫ్లెక్సీ, ఠాకురాణి యాత్ర ఫ్లెక్సీ, ఓట్ల ఫ్లెక్సీ, అన్నీ ఆ స్తంభానికే కడతారు. నాయకుడి నవ్వు వెనక 'దారి ఇవ్వు' దాక్కుంటుంది. అడగాల్సింది దాని గురించి. హైవే మీద స్పీడు బ్రేకరు అడగడమంటే మన పిల్లవాడు ఆగడు కాబట్టి దేశమంతా ఆగాలి అనడమే. పైగా జాతీయ రహదారుల మీద ఉన్న స్పీడు బ్రేకర్లనే తీసేయమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పింది. ఆ కాగితం ఎక్కడికి పోతుందో గుమస్తాగిరీ చేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

పిటిషన్ తిరగరాద్దాం. ఫ్లెక్సీలు తీయమని మునిసిపల్ కార్పొరేషన్‌కి ఒకటి. చెరిగిన గీతలు మళ్ళీ వేయమనీ, స్పీడు బ్రేకరు వేస్తే ఊరి రోడ్డు మీద, హైవేలో కలవబోయే ముందు వేయమనీ హైవే అథారిటీకి ఇంకొకటి. అలా రాస్తే మొదటి సంతకం మాదే. వచ్చే మీటింగుకు కాగితాలు మేమే తెస్తాం. కాదనేవాళ్ళు కూడా వచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పండి.