బోటు మొత్తం మనదైతే హిసాబ్ కూడా మనదే

బాసీ ఈద్‌కో, ఎండాకాలం ఛుట్టీలకో ఖాందాన్ అంతా కలిసి సముద్రం చూడటానికి వెళ్ళడం మన ఇళ్ళలో ఇప్పుడు బాగా పెరిగిన షౌక్. కాకినాడ వెళ్తే హోప్ ఐలాండ్, ఉడుపి వెళ్తే మల్పే నుంచి సెయింట్ మేరీస్, జేబులో తాకత్ ఉంటే అండమాన్. "పరాయి జనంతో టికెట్ బోటు ఎందుకు భాయీ, మొత్తం బోటే కిరాయికి మాట్లాడేద్దాం. ఆడవాళ్ళకి పర్దా ఉంటుంది, మన దస్తర్‌ఖాన్ మనం పరుచుకుంటాం" అంటారు పెద్దలు. ఇంతవరకు బాగానే ఉంది. నా పేచీ అంతా ఆ తర్వాతి మాటతోనే: "బోటు మనదే కదా, ఎంతమందైనా ఎక్కొచ్చు."

ఈ మాట ఎక్కడి నుంచి పుడుతుందో చూడండి. టికెట్ బోటులో ధర తలకి ఇంత. కిరాయి బోటులో ధర బోటుకి ఇంత. బోటు 9,000 అనుకుందాం. 15 మంది ఎక్కితే తలకి 600, 30 మంది ఎక్కితే 300. అంటే జనాన్ని పెంచే లాలచ్ ఆ ధరలోనే ఉంది. వెంటనే ఫోన్లు మొదలు: "ఖాలా వాళ్ళని పిలవండి, ఫూఫీ పిల్లల్ని పిలవండి, సమ్ధీ వాళ్ళని పిలవకపోతే నారాజ్ అవుతారు." రేవులో సరంగు "15 మందే సాబ్" అంటే మన జవాబు సిద్ధం: "అరే, బచ్చే హై భాయీ, ఒళ్ళో కూర్చుంటారు." పిల్లలు మనకి లెక్కలో రారు. నీళ్ళకి మాత్రం ప్రతి ప్రాణమూ లెక్కే.

2023 మే 7, ఆదివారం. కేరళలో మలప్పురం జిల్లా తానూర్. చేపల బోటుని మార్చి చేసిన రెండంతస్తుల విహార బోటు, మోయాల్సిన దానికంటే ఎక్కువ జనం, పొద్దు గూకిన తర్వాత ప్రయాణం. 22 మంది పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. ఒకే ఖాందాన్ నుంచి 11 జనాజాలు లేచాయి. మన దగ్గరా ఇదే కథ. 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో అనుమతి లేని ప్రైవేటు బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగానే పాపికొండలకి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి 40 మందికి పైగా పోయారు. ప్రతిసారీ బోటు యజమానినీ, సర్కారునీ తిట్టుకున్నాం. తిట్టాల్సిందే, వాళ్ళ జుర్మ్ వాళ్ళదే. కానీ మొత్తం బోటు కిరాయికి తీసుకున్న రోజున ఎంతమంది ఎక్కాలి, ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్న ఫైసలా చేసేది ఇంటి పెద్దే. ఆ రోజు అతను ఒట్టి ముసాఫిర్ కాదు, జిమ్మేదార్.

"కాగితాలు అడిగితే ఆ గరీబు మనసు నొచ్చుకుంటుంది, అతని రోజీ మీద దెబ్బ కొట్టినట్టు" అంటారు కొందరు. పెళ్ళి సంబంధానికి మూడు తరాల ఖైరియత్ ఆరా తీసే మనకి ఇక్కడే ఈ మురువ్వత్ గుర్తొస్తుందా? బయానా ఇవ్వకముందే ఫోన్లో అడగండి: బోటుకి రిజిస్ట్రేషన్ ఉందా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా, ఎంతమందికి అనుమతి, ఎక్కడిదాకా అనుమతి, సరంగుకి లైసెన్స్ ఉందా, బీమా ఉందా, పిల్లల సైజు జాకెట్లు ఎన్ని. చేపల బోటు చేపలకే. దాని మీద పనిచేసే మనిషికి ఊగే చెక్క మీద నిలబడటం వచ్చు, మన అమ్మీజాన్‌కి రాదు.

"ఎక్కడిదాకా" అన్న సవాల్ ఎందుకంటారా? హోప్ ఐలాండ్‌నే తీసుకోండి. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్ళలో పేరుకున్న దిబ్బ అది, దాదాపు 16 కిలోమీటర్ల పొడవు. అది గోడలా అడ్డం ఉండబట్టే లోపలి నీళ్ళు నెమ్మదిగా కనిపిస్తాయి. దాని కొన దాటితే అసలు బంగాళాఖాతమే. లోపలి నీళ్ళకి సరిపోయే బోటుని "ఇంకొంచెం ముందుకి పోనీ భయ్యా" అని బతిమాలడం ఖతర్నాక్ పని. పైగా అక్కడ లోతు తక్కువ. ఆటు సమయంలో బోటు ఇసుకలో కూరుకుంటే పోటు వచ్చేదాకా కదలదు, ఈలోపు చీకటి పడుతుంది. అందుకే ఆటుపోట్ల వేళలు సరంగుని ముందే అడిగి, అసర్‌కల్లా ఒడ్డు చేరేలా వక్త్ పెట్టుకోవాలి. అలల ఎత్తు ఎంతో చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది, ముందు రోజు చూసుకోండి. మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దని హెచ్చరిక వచ్చిన రోజు మన పిక్నిక్ కూడా బంద్. కోస్ట్ గార్డ్ నంబర్ 1554 అందరి ఫోన్లలో ఉండాలి.

వాతావరణం చెడితే బయానా వాపస్ ఇస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. "ఇచ్చిన పైసలు పోతాయి" అన్న ఫికరే చాలామందిని మబ్బు పట్టిన రోజున బోటెక్కిస్తుంది.

ఇక పర్దా సంగతి, చాలామందికి నచ్చకపోయినా చెప్పక తప్పదు. మర్దానా పైన, జనానా కింది క్యాబిన్‌లో. మన ఇంతెజామ్ ఇదే కదా? మగవాళ్ళంతా పైకి చేరితే బోటు బరువు పైకి చేరి అది తేలిగ్గా ఒరుగుతుంది. ఒరిగినప్పుడు బయటపడటం అందరికంటే కష్టమయ్యేది కింద మూసిన గదిలో ఉన్న ఆడవాళ్ళకీ పిల్లలకీ. పర్దా కావాలంటే ఒకే అంతస్తులో, తెరిచిన చోట, ముందు వైపు వాళ్ళు, వెనక వైపు వీళ్ళు కూర్చోండి. డాల్ఫిన్ కనబడిందని అందరూ ఒక పక్కకే ఉరకకండి.

"బుర్ఖా మీద జాకెట్ బాగుండదు" అనే మాటకి అసలు అర్థం లేదు. జాకెట్ కప్పేదే కానీ విప్పేది కాదు. నీళ్ళలో తడిసిన బుర్ఖా కాళ్ళకి చుట్టుకుంటుంది కాబట్టి మన ఆడవాళ్ళకి జాకెట్ ఇంకా ఎక్కువ జరూరీ. బెంచీ కింద మూట కట్టి పెట్టిన జాకెట్ లేనట్టే. రేవులోనే బిగించి, ప్రతి పట్టీ లాగి చూసి ఎక్కించండి.

చివరికి ఎవరో ఒకరు "అల్లా మాలిక్ హై" అంటారు. నిస్సందేహంగా. కానీ ఒంటెను ముందు కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ మనలో వినని వాళ్ళెవరు? చేయాల్సిన పని ఎగ్గొట్టి తవక్కుల్ పేరు పెట్టుకుంటే అది ఒట్టి లాపర్వాహీ.

దావత్‌లో ప్లేట్లు లెక్కపెట్టినట్టు రేవులో తలలు లెక్కపెట్టండి, చంకలో పసిపాపతో సహా. ఎక్కువైతే రెండో బోటు మాట్లాడండి, లేదా సగం మంది ఒడ్డున ఉండి రెండో విడతలో వెళ్ళండి. జాకెట్లు తక్కువైతే ఎక్కకండి. "ఇంత దూరం వచ్చి వాపస్ పోతామా" అని పిల్లలు ఏడుస్తారు, దామాద్ మొహం మాడ్చుకుంటాడు, వదినగారు నెల రోజులు ఎత్తిపొడుస్తారు. భరించండి. పెద్దరికం అంటే ఆ రోజు అదే.

ఖుదా హాఫిజ్.