వేళ్ళు వేరు, మనసు వేరూనా?

"బాగానే వాయించాడు. కానీ ఆత్మ లేదు."

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గురించి నలుగురు మాట్లాడుకునే చోట, వాయించింది ఇరవై ఏళ్ళ కుర్రాడైతే ఈ మాట వచ్చి తీరుతుంది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన కుర్రాడైతే మరీ త్వరగా వస్తుంది. కొరియా పియానిస్ట్ యున్‌చన్ లిమ్ వాయించిన షోపాన్ ఎట్యూడ్లు 2024లో డెక్కా విడుదల చేసింది. ఆ ఆల్బమ్ విన్నాక ఈ మాట మీద నాకున్న కాస్త ఓపికా పోయింది.

పొగిడేవాళ్ళేమన్నా తక్కువా? 2022లో అమెరికాలో వాన్ క్లైబర్న్ పోటీ గెలిచినప్పుడు లిమ్‌కి 18 ఏళ్ళు. ఆ పోటీ చరిత్రలో అంత చిన్నవయసులో ఎవరూ గెలవలేదు. ఫైనల్లో వాయించిన రఖ్మానినోవ్ మూడో కన్చెర్టో వీడియో ప్రపంచమంతా తిరిగింది. "పద్దెనిమిదేళ్ళకే!" అని నోరెళ్ళబెట్టడం, "ఆత్మ లేదు" అని పెదవి విరవడం, రెండూ ఒక గూటి పక్షులే. వేళ్ళు ముందొస్తాయి, మనసు తర్వాత ఎప్పుడో నెరిసిన జుట్టుతో పాటు వస్తుందన్న నమ్మకమే రెండింటికీ పునాది.

అసలు ఎట్యూడ్ అంటే సాధన కోసం రాసిన రచన. షోపాన్ ఓపస్ 10ని 1833లో, ఓపస్ 25ని 1837లో అచ్చువేశాడు. ఒక్కోదాంట్లో పన్నెండు. "ఎక్సర్‌సైజులే కదా" అంటారా? మన వర్ణాన్ని తలుచుకోండి. వర్ణం సాధనకీ పనికొస్తుంది, కచేరీ మొదలుపెట్టడానికీ పనికొస్తుంది. భైరవిలో విరిబోణి విని "గొంతుకి కసరత్తు బావుంది" అని ఎవరైనా లేచిపోతారా? ఆ రాగమంతా అందులోనే ఉంటుంది కదా.

ఓపస్ 10లో రెండోది చూడండి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కింద కార్డ్స్ అందిస్తుంటే, మిగతా మూడు బలహీనమైన వేళ్ళు పైన ఆగకుండా పరుగెత్తాలి. లిమ్ వాయిస్తుంటే ఆ కష్టం నాకు వినపడలేదు, గుసగుస వినపడింది. వెంటనే వచ్చే మూడోదాంట్లో అదే కుడిచెయ్యి పైన పాడాలి, లోపల తోడూ వాయించాలి. వేలి బరువు కాస్త తప్పితే పాట తోడులో మునిగిపోతుంది. ఇక్కడ టెక్నిక్ ఎక్కడ ఆగింది, భావం ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించండి.

ఓపస్ 25లో ఏడోది నెమ్మదైనది. పాటంతా దాదాపు ఎడమచేతిదే, చెల్లో పాడినట్టు ఉంటుంది. పియానోలో సుత్తి తీగని తాకిన క్షణం నుంచీ నాదం ఆరిపోతూనే ఉంటుంది. గమకం వెయ్యడానికి లేదు. ఆరిపోతున్న స్వరానికి తర్వాతి స్వరాన్ని ఎంత బరువుతో, ఏ క్షణాన అతికించాలన్నదే మొత్తం విద్య. దీని మొదటి రెండు మెజర్లకే, అంటే రెండు ఆవర్తాలంత ముక్కకే, ఏడు గంటలకు పైగా సాధన చేశానని లిమ్ విలేకరులకు చెప్పాడు. దీన్నీ మనం 'కష్టపడితే ఫలితం' రీల్ చేసేసుకుంటాం. కానీ ఆ ఏడు గంటలూ వేళ్ళ కోసం కాదు, అవి తేలికైన స్వరాలే. తన గుండెకి తగిలేదాకా తర్వాతి స్వరానికి వెళ్ళకపోవడం అది. అది చెవి చేసిన పని.

ఆల్బమ్‌లో లోపాల్లేవనను. కొన్నిచోట్ల తొందర నాకు నచ్చలేదు. చివర్లో వచ్చే తుఫాను ఎట్యూడ్లలో ఇంకాస్త ఊపిరి తీసుకునుంటే బావుండేదనిపించింది. అది వినికిడి మీద నిలబడిన ఫిర్యాదు, దానికి ఎదురు చెప్పొచ్చు. "ఆత్మ లేదు" అన్నదానికి ఎవరేం చెప్పగలరు? అది విన్నాక చెప్పే మాట కాదు, పాస్‌పోర్టూ పుట్టినతేదీ చూసి చెప్పే మాట.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. ఈ ఆల్బమ్ వచ్చేనాటికి లిమ్‌కి ఇరవై. ఓపస్ 10 అచ్చయ్యేనాటికి షోపాన్‌కి ఇరవైమూడు, అందులో కొన్ని అంతకు చాలా ముందే రాశాడు. రాయడానికి సరిపోయిన వయసు వాయించడానికి ఎందుకు సరిపోదు?

ఆల్బమ్ గంటసేపుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆత్మ ఏ ఎట్యూడ్‌లో, ఏ నిమిషంలో తప్పిపోయిందో చెప్పండి. అప్పుడు పోట్లాడుకుందాం.