లావు తీగకు లోతు గొంతు



కామారెడ్డి జిల్లాలో, నిజాంసాగర్ జలాశయానికి దగ్గరగా మహమ్మద్‌నగర్ ఉన్నది. అలాంటి పల్లెల్లో భజన జరిగితే తంబుర మోగుతుంది. పెళ్ళికో, వినాయక నవరాత్రులకో ఆర్కెస్ట్రా పెట్టిస్తే గిటారు మోగుతుంది. ఈసారి ఆర్కెస్ట్రా చూసేటప్పుడు జాగ్రత్తగా గమనించండి. ఇద్దరు గిటార్లు పట్టుకుని నిలబడతారు. ఒకరి గిటారుకు సన్నని తీగలు ఆరు. రెండోవారి గిటారు మెడ పొడవు, తీగలు నాలుగే. అవి చూడటానికి తాళ్ళలాగా లావుగా ఉంటాయి. దాన్ని బేస్ గిటారు అంటారు.

పాట వింటూంటే బేస్ శబ్దం మీకు విడిగా తెలియకపోవచ్చు. అది ఒక్క క్షణం ఆగిందా, పాట కాళ్ళ కింద నేల జారినట్టుంటుంది! ఇంట్లో గోడకు ఉన్న విలువ చూరు కింద కూర్చున్నవాడికి తెలియదు గదా, అదే మాదిరి.

మీలో ఎవరికైనా అన్నయ్య వాడిన పాత బేస్ గిటారు దొరికిందనుకోండి. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. కొత్త తీగలు కావాలి. పల్లెలో అమ్మే దుకాణం ఉండదు. నగరం నుంచి తెప్పించుకోవాలి. తప్పు తీగలు తెప్పిస్తే డబ్బు పోతుంది, ఒక్కోసారి వాయిద్యమే పాడవుతుంది. కనక ముందుగా తీగ సంగతి తెలుసుకుందాం.

తీగ గొంతును ఏది నిర్ణయిస్తుంది?

ఫ్రాన్సు దేశంలో మెర్సెన్ అనే పండితుడుండేవాడు. ఆయన తీగలను ఎన్నో రకాలుగా పరీక్షించి, 1636 లో ఒక పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. అందులో తేలినది ఇది: తీగ శ్రుతి మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది పొడవు. రెండవది బిగువు. మూడవది బరువు.

శ్రుతిని ఒక స్థాయి దించాలి, అంటే పై షడ్జం నుంచి కింది షడ్జానికి తేవాలి, అనుకుందాం. దానికి మూడు దారులున్నాయి. పొడవు రెండింతలు చేయవచ్చు. లేదా బిగువును నాలుగో వంతుకు తగ్గించవచ్చు. లేదా తీగ బరువును నాలుగింతలు చేయవచ్చు.

ఇది నమ్మటానికి ఒక చిన్న ప్రయోగం చేయండి. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి. చేపలు పట్టే గాలం దారం ఒక గజం తెచ్చి, బల్ల మీద ఒక చివర మేకుకు కట్టండి. రెండో చివరను బల్ల అంచు మీదుగా కిందికి వదిలి, దానికి లీటరు నీళ్ళ సీసా వేలాడగట్టండి. సీసా నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. తెగితే కాలి మీద పడకూడదు. బల్ల మీద దారం కింద రెండు పెన్సిళ్ళు పెట్టి, వాటి నడుమ దారాన్ని మీటండి. ఖంగున మోగుతుంది. నీళ్ళు పావు లీటరుకు తగ్గించి మళ్ళీ మీటండి. గొంతు ఇంచుమించు ఒక స్థాయి దిగిపోతుంది. మెర్సెన్ చెప్పినది మీ బల్ల మీదే రుజువయింది!

అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. బిగువు తగ్గించిన దారాన్ని గమనించండి. అది వదులుగా ఊగులాడుతుంది, మోత నీరసంగా ఉంటుంది. కనక లోతైన గొంతు కోసం బిగువు తగ్గించటం మంచి దారి కాదు. మరి పొడవు పెంచుదామా? మామూలు గిటారు తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. దాన్ని రెండింతలు చేస్తే 130 సెంటీమీటర్లవుతుంది. అంత మెడ మీద ఎవరి చెయ్యి తిరుగుతుంది? అందుకే బేస్ గిటారులో పొడవును 86 సెంటీమీటర్ల దగ్గరే ఆపి, మిగతా పని బరువుకు అప్పగించారు.

చుట్టు తీగ

తీగను లావు చేస్తే బరువెక్కుతుంది, సరే. ఉక్కు తీగ మందం రెండింతలయితే బరువు నాలుగింతలవుతుంది. కాని అదే తీగను వంచటానికి పదహారింతల బలం కావాలి! అప్పుడది తీగ కాదు, కడ్డీ. కడ్డీని మీటితే టక్కుమంటుందే గాని పాడదు.

దీనికి మనుషులు చక్కని ఉపాయం కనిపెట్టారు. నడుమ సన్నని గట్టి తీగ ఉంచి, దాని చుట్టూ మరో తీగను పొరలాగా చుట్టారు. లోపలి తీగ బిగువును మోస్తుంది. చుట్టిన తీగ బరువునిస్తుంది. మొత్తం తీగ బరువుగానూ ఉంటుంది, వంగుతుంది కూడా. 17వ శతాబ్దంలో యూరపులో జంతువుల పేగుతో చేసిన తంత్రులకు ఇలాగే లోహపు తీగ చుట్టసాగారు. మీరు కూడా చూడవచ్చు. నీళ్ళు మళ్ళీ లీటరు చేసి, పెన్సిళ్ళ నడుమ గాలం దారానికి సన్నని రాగి తీగను ఎడం ఎడంగా చుట్టి మీటండి. బిగువు మారలేదు, పొడవు మారలేదు. గొంతు మాత్రం దిగిపోతుంది.

ఇది మన వీణకు కొత్త కాదు. వీణ మీద వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. నాలుగింటి పొడవూ ఒకటే. అయినా సారణి పలికే షడ్జం కంటే మంద్రం పలికే షడ్జం ఒక స్థాయి కింద ఉంటుంది. సారణి సన్నం, మంద్రం లావు, అదే కారణం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేసేవారికీ, అమెరికాలో బేస్ గిటారు చేసేవారికీ ప్రకృతి పెట్టిన లెక్క ఒకటే.

విద్యుత్తు ఎందుకు?

వీణకు కుండ ఉన్నది, తంబురకు బుర్ర ఉన్నది. తీగ మోతను అవి పెద్దది చేస్తాయి. బేస్ గిటారుకు బుర్ర లేదు, గట్టి చెక్కే. మరి మోత ఎక్కడి నుంచి వస్తుంది?

పూర్వం పడమటి దేశాల్లో మంద్రస్వరం కోసం మనిషి కంటే ఎత్తైన పెద్ద ఫిడేలును నిలబెట్టి వాయించేవారు. దాన్ని మోయటం కష్టం, బాకాల నడుమ వినపడటం ఇంకా కష్టం. 1930ల నడుమ సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన మెట్లున్న విద్యుత్ బేస్ తయారు చేశాడు గాని, అది ఎక్కువమందికి అందలేదు. 1951 లో లియో ఫెండర్ చేసిన బేస్ గిటారు లోకమంతా పాకింది. తమాషా ఏమంటే, ఫెండర్ రేడియోలు బాగుచేసేవాడు. ఆయనకు గిటారు వాయించటం రాదు!

ఈ గిటారులో తీగల కింద అయస్కాంతాలుంటాయి. వాటి చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి ఉంచుతారు. ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. అలా కదిలితే రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831 లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఆ కొద్దిపాటి విద్యుత్తును ఆంప్లిఫయరు పెద్దది చేసి పెట్టెకు పంపుతుంది. అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అంత లోతు శబ్దం పలకటానికి పెద్ద పెట్టె కావాలి. సెల్‌ఫోనులో పాట వింటే బేస్ సరిగా వినపడదంటే కారణమదే.

దీన్ని బట్టి తీగ కొనేటప్పుడు మొదటి నియమం తెలిసింది గదా: అయస్కాంతానికి అంటుకునే లోహపు తీగలే కావాలి. నైలాను తీగలు వేస్తే ఇలాంటి గిటారు మూగపోతుంది.

ఏ తీగ కొనాలి?

చుట్టు తీగల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. పైచుట్టు గుండ్రని తీగ అయితే వేలికి గరుకుగా తగులుతుంది, శబ్దం గణగణమంటుంది. పైచుట్టు రేకులాగా చదునుగా ఉంటే వేలికి నున్నగా ఉంటుంది. శబ్దం మెత్తగా, తంబుర మంద్రంలాగా వస్తుంది. ఇంగ్లండులో జాన్ ఎంట్విస్సిల్ అనే వాద్యకారుడు 1960లలో గుండ్రని చుట్టుతో ఉరుములు పుట్టించాడు. అదే కాలంలో అమెరికాలో జేమ్స్ జేమర్సన్ చదును తీగలతో పేరు పొందాడు. ఆయన తీగలను ఊరికే మార్చేవాడు కాడు. ఇద్దరూ గొప్పవారే. కనక ఖరీదైన తీగే మంచి తీగ అనుకోకండి. మీ చెవికీ వేలికీ నచ్చినదే మంచిది. కొత్తగా నేర్చుకునే పిల్లల వేళ్ళకు చదును తీగ కాస్త హాయి.

దుకాణానికి రాసే ముందు కొలతలు తీసుకోండి. తలవైపు తీగలు ఆనే గాడి పలక నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచి, దాన్ని రెండింతలు చేయండి. 43 వస్తే మీది 86 సెంటీమీటర్ల గిటారు. 38 వస్తే 76 సెంటీమీటర్ల పొట్టి రకం. చిన్న చేతులకు అదే అనువు. ఆ పొడవుకు తగిన తీగలే అడగండి. తీగలెన్నో రాయండి. మందం కూడా రాయాలి. సాధారణంగా సన్నని తీగ 1.1 మిల్లీమీటర్లు, లావు తీగ 2.7 మిల్లీమీటర్లు ఉంటాయి. పాత తీగల మందమే తెప్పిస్తే గిటారును తిరిగి సర్దే పని తక్కువ.

ఎందుకంటే బిగించినప్పుడు ఒక్కొక్క తీగ ఇంచుమించు 20 కిలోల బరువు వేలాడినంత బలంగా లాగుతుంది. నాలుగూ కలిస్తే 80 కిలోలు! రాత్రింబగళ్ళు ఒక పెద్దమనిషి ఆ మెడ పట్టుకుని వేలాడుతున్నట్టన్న మాట. అది వంగిపోకుండా మెడ లోపల ఉక్కు కడ్డీ ఉంచుతారు. నైలాను తీగల కోసం చేసిన మామూలు గిటారుకు అలాంటి బలం ఉండదు. దానికి ఉక్కు తీగలు బిగిస్తే బ్రిడ్జి ఊడి వస్తుంది. ఈ పొరపాటు వల్ల ఎన్నో మంచి గిటార్లు అటక ఎక్కాయి.

బిగించటం, సర్దటం

నాలుగు తీగలూ ఒక్కసారే విప్పకండి. ఒకటి తీసి, ఒకటి వేయండి. మెడ మీద బిగువు హఠాత్తుగా మారదు. చుట్టు తీగ ఎక్కువైతే ముందు దాన్ని మడిచి, మడత అవతల కత్తిరించండి. మడవకుండా కత్తిరిస్తే పైచుట్టు వదులైపోవచ్చు. శ్రుతి చేసేటప్పుడు లావు తీగను షడ్జమనుకుంటే, దాని పక్క తీగ శుద్ధమధ్యమం. ఆ పక్క తీగను మళ్ళీ షడ్జమనుకుని ముందుకు సాగండి.

తరవాత పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ నడుమ ఎడం చూడండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే మామూలుగా సరిపోతుంది. ఎక్కువుంటే వేళ్ళు నొప్పి పుడతాయి, తక్కువుంటే తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది. ఇక ఆఖరి పరీక్ష: తీగను ఊరికే మీటండి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. రెండోది సరిగ్గా పై స్థాయి స్వరం పలకాలి. ఎక్కువ పలికితే బ్రిడ్జి మీద తీగ ఆనే చోటును వెనక్కు జరిపి తీగ పొడవు పెంచాలి. తక్కువ పలికితే ముందుకు జరపాలి. మెడలోని కడ్డీని మాత్రం తెలిసినవారికే వదలండి. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవండి. చెమట తీగకు శత్రువు. మన వేసవిలో రేకుల షెడ్డు కింద గిటారు ఉంచకండి. చెక్క వంకర పోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

విద్యుత్ గిటారు తీగలు ఆంప్లిఫయరు ద్వారా భూమికి కలిసి ఉంటాయి. పందిట్లో ఎర్తు లేకపోతే, లేక వైర్లు తప్పుగా కలిపితే, ఒక చేత్తో తీగనూ రెండో చేత్తో మైకునూ పట్టుకున్నవాడి ఒంట్లోంచి కరెంటు పోవచ్చు. 1972 లో బ్రిటనులోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్తు లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. కనక మూడు పుల్లల ప్లగ్గులో ఎర్తు పుల్లను విరగగొట్టనివ్వకండి. తడి నేల మీద, తడి చేతులతో వాయించనివ్వకండి. కొత్త చోట వాయించే ముందు ఎలక్ట్రీషియనుతో ఎర్తు పరీక్ష చేయించండి. తీగల ఖర్చు కంటే ఈ ఖర్చు ముందు పెట్టవలసినది.

పిల్లలూ, ఈ నెల మీకొక పని. మీ ఊళ్ళో తంబురగాని, వీణగాని, గిటారుగాని ఉంటే వాయించేవారిని అడిగి తీగలు చూడండి. ఏది సన్నం, ఏది లావు, దేనికి చుట్టున్నది, ఏది లోతుగా పలుకుతుంది? ఒక కాయితం మీద పట్టిక రాయండి. లోతుగా పలికే తీగ వదులు తీగ కాదనీ, తగిన బిగువులో ఉన్న బరువు తీగ అనీ మీ పట్టికే చెబుతుంది.