ప్రసవమునకు ముందొక పరీక్ష

అమెరికా సంయుక్తరాష్ట్రముల గర్భిణులలో ఇంచుమించు నాలుగవవంతు మంది శరీరమున గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి యుండును. తల్లిని అది సామాన్యముగా బాధింపదు. ప్రసవవేళ శిశువునకు సోకెనేని ప్రాణములనే హరింపగలదు. అచటి ప్రభుత్వ వైద్యనిపుణులు గర్భిణులందఱికిని నెలలు నిండుతఱి పరీక్ష జరుపవలెనని 2002లో ఉపదేశించిరి. సూక్ష్మజీవి కనబడిన తల్లికి నొప్పులవేళ పెన్సిలిన్ ఇత్తురు. ఈ నివారణచికిత్స వ్యాపించినకొలది, 1990లో వేయి జననములకు 1.8గా నున్న తొలివారపు వ్యాధి 2015 నాటికి 0.23కు దిగెను.

బ్రిటను నిపుణసంఘమో, 2017లో అందఱికిని పరీక్ష వలదనెను. వ్యాధి సోకని శిశువులే పెక్కండ్రుండగా వేలకొలది తల్లులకు మందేల యని వారి శంక. ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. కాని అపాయసూచనలున్న తల్లులకే మందిచ్చుచో, ఏ సూచనయు లేని తల్లి బిడ్డను కాపాడువారెవరు? తెలిసికొను సాధనముండగా తల్లికి తెలియనీయకుండుట న్యాయము కాదు. ప్రతి గర్భిణికిని పరీక్ష నొసగి, చికిత్సానిర్ణయమును ఆమెకు విడువవలెనని మా యభిప్రాయము.