కుర్చీ అడిగిన డాక్టరమ్మ

వార్షికోత్సవానికి వచ్చే పెద్దలు ఏటా మాకు చెప్పే మాట ఒకటే: "బాగా చదవండి, పెద్ద ఉద్యోగాలు తెచ్చుకోండి." మంచి మాటే. కానీ చదువు అక్కడితో ఆగిపోకూడదని మా అభిప్రాయం. డాక్టర్ అలెట్టా జేకబ్స్ గురించి చదివాక ఆ అభిప్రాయం మరింత గట్టిపడింది.

ఆమె 1854లో నెదర్లాండ్స్‌లోని సప్పెమేర్ అనే ఊరిలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి వైద్యుడు. తానూ వైద్యురాలు కావాలని ఆమె కోరిక. కానీ ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాల తలుపులు ఆడపిల్లలకు తెరుచుకోలేదు. 1871లో, పదిహేడేళ్ళ వయసులో, ఆమె నేరుగా ప్రధానమంత్రి థోర్బెకేకు ఉత్తరం రాశారు. జవాబు తండ్రి పేరున వచ్చింది. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది చదవనిస్తాం, తర్వాత చూద్దాం అని దాని సారాంశం.

ఆ "చూద్దాం" మనకు కొత్త కాదు. ఇక్కడి నుంచి పెద్ద కాలేజీలకు వెళ్ళిన అన్నలు, అక్కలు మొదటి ఏడాదంతా ఆ చూపుల మధ్యే చదివారు. వేరే వాళ్ళు ఫెయిలైతే వాళ్ళొక్కరే ఫెయిలైనట్టు. మనలో ఒకరు ఫెయిలైతే "హాస్టల్ పిల్లలంతా ఇంతే" అంటారు. అలెట్టా మీదా అలాంటి బరువే ఉండేది. ఆమె తడబడలేదు. 1872లో అనుమతి ఖాయమైంది. 1878లో వైద్యవృత్తికి అర్హత, 1879లో డాక్టరేట్ సాధించి ఆ దేశపు తొలి మహిళా డాక్టర్ అయ్యారు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రాక్టీసు పెట్టి, పేద స్త్రీలకు ఉచితంగా వైద్యం చేశారు. షాపుల్లో పనిచేసే అమ్మాయిలు రోజుకు పది గంటలకు పైగా నిలబడే ఉండటం వల్ల జబ్బు పడుతున్నారని గమనించారు. మందు రాసిచ్చి ఊరుకోలేదు. వాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని ఏళ్ళ తరబడి పోరాడారు. 1902లో చట్టం వచ్చింది.

1883లో ఆమె ఓటర్ల జాబితాలో తన పేరు చేర్చమన్నారు. పన్ను కట్టే పౌరులకు ఓటుందని చట్టంలో ఉంది, ఆడవాళ్ళకు లేదని ఎక్కడా లేదు. అయినా నిరాకరించారు. పైగా 1887లో రాజ్యాంగంలో "పురుషులు" అన్న మాట చేర్చారు! ఆమె వెనక్కి తగ్గలేదు. 1919లో మహిళలకు ఓటుహక్కు వచ్చేనాటికి ఆమె వయసు 65.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోవద్దు. మనతో ఒకే గదిలో ఉండి, చదువు ఆపేసి, బట్టల షాపుల్లో చేరిన అక్కలున్నారు. పండగకు ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ కాళ్ళ వాపులు చూశాం. షాపుల్లో కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. అంటే, ఆ డాక్టరమ్మ అడిగిన కుర్చీని మన పక్క రాష్ట్రాల్లో నిన్న మొన్నటిదాకా అడుగుతూనే ఉన్నారు.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం. మీలో కొందరు ఈ రోజు మంచి కుర్చీల్లో ఉన్నారు. మాకు గర్వంగా ఉంది. మీ ఆఫీసులో, మీ ఊరి షాపులో నిలబడి పనిచేసే వాళ్ళను ఒకసారి చూడండి. వాళ్ళకు స్టూలు ఉందా అని అడగండి. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, రేపు మనమూ అడుగుదాం. మన చదువుకు మేం కోరుకునే మొదటి ఫలితం ఇదే.